పేగు కోసేశాక బతుకెలా ఉంటుంది?

పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. కణితి పోయింది, ప్రాణం దక్కింది. ఇంటికి వచ్చాక మొదలయ్యే జీవితం గురించి మాత్రం ఆసుపత్రిలోనూ, ఇంట్లోనూ నోరు విప్పేవాళ్లు తక్కువ. పేగులో ఏ భాగం తీశారన్నదాన్ని బట్టి ఆ జీవితం మారిపోతుంది. అందులో చాలా ఇబ్బందులకు పేరుంది, కారణం తెలుసు, మందూ ఉంది.

1985 జులై 12న అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ పేగు లోపల పెరిగిన చిన్న పాలిప్ ఒకటి తీయించుకోవడానికి బెథెస్డాలోని నౌకాదళ ఆసుపత్రికి వెళ్లారు. గొట్టం పంపి చూసిన డాక్టర్లకు పెద్దపేగు మొదలయ్యే చోట మరో పెద్ద పాలిప్ కనిపించింది. మర్నాడే పొట్ట కోసి రెండడుగుల పేగు తీసేశారు. అది క్యాన్సరేనని ఆ తర్వాత రెండ్రోజులకు పరీక్షలో తేలింది. అప్పటికి ఆయన వయసు 74. వారం తిరిగేసరికి వైట్‌హౌస్‌కి వచ్చేశారు, రెండోసారి పదవీకాలం పూర్తిగా పాలించి దిగారు. 2004లో, అల్జీమర్స్‌తో పదేళ్లు బాధపడి, 93 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

తొందరగా పట్టుకుంటే క్యాన్సర్ నయమవుతుందని చెప్పడానికి ఈ కథ చెబుతుంటారు. అది నిజమే. అయితే రీగన్ కణితి పెద్దపేగుకి కుడి కొసన ఉంది. అదే కణితి పేగు చివర, మలద్వారానికి దగ్గరగా ఉండుంటే, దశ అదే అయినా, డాక్టర్లు అంతే సమర్థులైనా, తర్వాతి పంతొమ్మిదేళ్లు ఆయనకి అలా గడిచేవి కావు. పెద్దపేగు క్యాన్సర్ అని అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తాం గానీ, కోత పడిన చోటును బట్టి దాని తర్వాతి జీవితాలు నాలుగైదు రకాలు.

మన దగ్గర ఆపరేషన్‌కి ముందు కుటుంబం అడిగేవి మూడే ప్రశ్నలు. ప్రాణానికి ఢోకా లేదు కదా డాక్టర్ గారూ? ఎంతవుతుంది? ఆరోగ్యశ్రీలోనో, ఎన్టీఆర్ వైద్య సేవలోనో వస్తుందా? నాలుగోది ఎవరో ఒకరు తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి అడుగుతారు. ఆ తర్వాత మామూలుగానే ఉంటాడా అండీ? "ఆఁ, ఉంటాడు" అన్న ఒక్క మాటతో అది ముగుస్తుంది. ఈ కథనం ఆ నాలుగో ప్రశ్న గురించి.

ఐదడుగుల పేగు, రెండు పనులు

పెద్దపేగు పొడవు సుమారు ఐదడుగులు. పొట్టలో కుడివైపు కింద మొదలై పైకి ఎక్కుతుంది. కాలేయం కింద మలుపు తిరిగి అడ్డంగా ఎడమవైపుకి వస్తుంది. అక్కడి నుంచి దిగి, సిగ్మాయిడ్ అనే వంపు దాటి మలాశయంలో కలుస్తుంది. డాక్టర్లు రెక్టమ్ అనేది ఈ మలాశయాన్నే, చివరి ఆరంగుళాలు. చిన్నపేగు నుంచి రోజుకి లీటరు, లీటరున్నర దాకా నీరు పెద్దపేగులోకి వస్తుంది. అందులో ఒకటి రెండొందల మిల్లీలీటర్లు తప్ప మిగతాదంతా పెద్దపేగు పీల్చుకుంటుంది. ఈ పని ఎక్కువగా మొదటి సగంలో జరుగుతుంది. నిల్వ ఉంచడం చివరి భాగం పని.

ఇక మలాశయం, దాని కింది మలద్వారం కలిసి చేసే పని గొప్పది. దిగి వచ్చింది గ్యాసా, నీళ్లా, గట్టి మలమా అని అవి పసిగట్టి మెదడుకి చెబుతాయి. ఇప్పుడు కాదంటే ఆపుతాయి. విజయవాడలో బస్సెక్కి హైదరాబాద్ దాకా నిశ్చింతగా కునుకు తీస్తున్నామంటే, పెళ్లి పంక్తిలో కూర్చుని పెరుగన్నం దాకా లేవకుండా తినగలుగుతున్నామంటే ఆ ఆరంగుళాల చలవే. పోయేదాకా దాని విలువ తెలియదు.

కుడివైపు తీస్తే

రీగన్‌కి జరిగిన తరహా ఆపరేషన్ ఇదే. పెద్దపేగు కుడి సగంతో పాటు చిన్నపేగు చివరి ముక్క కొంత, రెండిటి మధ్య ఉండే కవాటం పోతాయి. మిగిలిన కొసలు రెండిటినీ కలిపి కుట్టేస్తారు. మలం పట్టడానికి పొట్ట మీద సంచి పెట్టాల్సిన అవసరం సాధారణంగా రాదు. మొదటి కొన్ని వారాలు మోషన్లు పల్చగా అవుతాయి. నెలలు గడిచేకొద్దీ మిగిలిన పేగు ఆ పని నేర్చుకుంటుంది, చాలామంది పాత జీవితంలోకి వెళ్లిపోతారు.

కొందరికి మాత్రం విరేచనాలు ఆగవు. తిన్న అరగంటకే పరుగు. నూనె, నెయ్యి ఎక్కువైతే మరీను. కారణం పైత్యరసం. కొవ్వు అరగడానికి కాలేయం పంపే ఈ రసంలోని ఆమ్లాలను చిన్నపేగు చివరి భాగం 95 శాతం దాకా తిరిగి పీల్చుకుని కాలేయానికి పంపేస్తుంది. ఆ భాగం కోతలో పోతే అవి పెద్దపేగులోకి జారి, లోపలి పొరను రేపి నీళ్లను లాగుతాయి. దీనికి కొలెస్టిరమిన్ అనే పొడి ఉంది. నీళ్లలో కలుపుకొని తాగితే ఆ ఆమ్లాలను పట్టి ఉంచుతుంది. మిగతా మందులకు కాస్త ఎడంగా వేసుకోవాలి, అంతే. చిన్నపేగు ముక్క మరీ ఎక్కువ పోయినవాళ్లకు బి12 కూడా తగ్గుతుంది కాబట్టి అప్పుడప్పుడూ రక్తపరీక్షలో చూసుకోవాలి.

నాకు కష్టంగా అనిపించేది ఇక్కడే. పేగు తీసేశారు కదా, ఇక ఇంతేలే అనుకుని తిండి తగ్గించేసేవాళ్లున్నారు. అమీబియాసిస్ అనుకుని మెట్రోనిడజోల్ కోర్సు మీద కోర్సు మింగేవాళ్లున్నారు. పెళ్లిళ్లు, ప్రయాణాలు మానుకుని, బక్కచిక్కి, క్యాన్సర్ తిరగబెట్టిందేమోనన్న భయంతో కూర్చుంటారు. ఒక పొడి పొట్లంతో తగ్గేదానికి ఏళ్లకేళ్లు బలైపోకూడదు.

ఎడమవైపు తీస్తే

సిగ్మాయిడ్ గానీ, ఎడమ సగం గానీ తీసిన ఆపరేషన్ తేలికైనదని పేరు. మలాశయం మిగిలే ఉంటుంది కాబట్టి అదుపు ఎక్కువమందికి బాగానే ఉంటుంది. ఇక్కడి ఇబ్బంది వేరు. ముక్కాల్సి రావడం, కొంచెం కొంచెంగా నాలుగుసార్లు వెళ్లడం, వెళ్లొచ్చినా పూర్తిగా కాలేదన్న భావన, అర్ధరాత్రి లేవాల్సి రావడం. డెన్మార్క్ పరిశోధకులు సిగ్మాయిడ్ తీయించుకున్నవాళ్లను కేవలం పాలిప్ తీయించుకున్నవాళ్లతో పోల్చి చూసినప్పుడు ఈ ఇబ్బందులు ఆపరేషన్ అయినవాళ్లలోనే ఎక్కువని తేలింది. ఇసబ్‌గోల్, తగినన్ని నీళ్లు, ఒక వేళ ప్రకారం వెళ్లే అలవాటుతో చాలావరకు సర్దుకుంటుంది.

ఎడమవైపు కణితి పేగును మూసేసి, పొట్ట ఉబ్బి, వాంతులతో అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకొస్తే కథ మారుతుంది. ఆ స్థితిలో కొసలు కలపడం ప్రమాదం. 1921లో ఫ్రెంచ్ సర్జన్ హెన్రీ హార్ట్‌మన్ చెప్పిన పద్ధతిలో కణితి ఉన్న ముక్క తీసి, కింది కొస మూసేసి, పై కొసను పొట్ట మీదికి తెచ్చి సంచి పెడతారు. తర్వాత కలిపేద్దాం అని చెబుతారు. కీమో, వయసు, డబ్బు, భయం వీటి మధ్య ఆ రెండో ఆపరేషన్ చాలామందికి జరగనే జరగదు. తాత్కాలికం అన్న మాట నమ్మి సంచికి సిద్ధపడనివాళ్లకు అది శాశ్వతం అయితే కలిగే బాధ, ముందే శాశ్వతం అని తెలిసినవాళ్ల బాధ కన్నా పెద్దది.

లించ్ సిండ్రోమ్ లాంటి వంశపారంపర్య కారణాలున్న యువకులకు ఒక్కోసారి దాదాపు పెద్దపేగంతా తీసి చిన్నపేగును మలాశయానికి కలుపుతారు. మళ్లీ క్యాన్సర్ వచ్చే అవకాశం తగ్గుతుంది, బదులుగా రోజుకి మూడు నుంచి ఐదు మోషన్లు మిగిలిన జీవితమంతా మామూలవుతాయి. ఇరవై ఎనిమిదేళ్ల డ్రైవరుకీ, ఇంటి నుంచి పనిచేసే ఇంజినీరుకీ ఆ లెక్క ఒకటి కాదు. నిర్ణయం సర్జన్ ఒక్కడి చేతిలో పెట్టేది కాదిది.

సంచి తప్పింది, తిప్పలు మిగిలాయి

1908లో లండన్ సర్జన్ ఎర్నెస్ట్ మైల్స్ మలాశయ క్యాన్సర్‌కి పొట్టవైపు నుంచీ, కింది నుంచీ కోసి మలద్వారంతో సహా తీసేసే ఆపరేషన్‌ను వివరించాడు. దశాబ్దాల పాటు ఈ జబ్బుకి అదే దారి, దానితో పాటే జీవితాంతం పొట్ట మీద సంచి. తర్వాత పేగు కొసలను కలిపే స్టేప్లర్లు వచ్చాయి. 1980ల మొదట్లో ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్ సర్జన్ బిల్ హీల్డ్, మలాశయాన్ని దాని చుట్టూ ఉన్న కొవ్వు పొరతో సహా చెక్కు చెదరకుండా తీసే పద్ధతి చెప్పాడు. అదే చోట మళ్లీ క్యాన్సర్ రావడం బాగా తగ్గింది. మూత్రానికీ, లైంగిక జీవితానికీ సంబంధించిన నరాలను కాపాడటం కూడా సాధ్యమైంది. మలద్వారాన్ని ఉంచి పేగును కిందికి తెచ్చి కలపడం మామూలైంది.

"సంచి లేకుండా చేశాం." సర్జన్ ఆ మాట చెప్పినప్పుడు ఇంటిల్లిపాదీ దణ్ణం పెడతారు. ఆ మనిషి ఇంటికి వచ్చాక ఒక ఉదయం ఎలా ఉంటుందో చూడండి. ఏడింటికి ఒకసారి వెళ్లొస్తాడు. పది నిమిషాలకు మళ్లీ. స్నానం చేసి చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా మళ్లీ. టిఫిన్ ముందు కూర్చోగానే మళ్లీ. గ్యాసేనేమో అనుకుంటే కాదు, లోదుస్తులు మార్చుకోవాలి. పదింటికి దుకాణానికి బయల్దేరితే దారిలో ఏ పెట్రోల్ బంకులో మరుగుదొడ్డి ఉందో, ఏ హోటల్‌వాళ్లు కాదనరో లెక్క కట్టుకుంటూ వెళ్తాడు. మర్నాడు ఏమీ ఉండదు, అసలు మోషనే రాదు. మూడోరోజు మళ్లీ అదే. ఆడవాళ్లయితే, బస్టాండుల్లో మన మరుగుదొడ్ల సంగతి తెలిసి, ఇల్లు కదలడమే మానేస్తారు.

ఇది ఆ మనిషి ఒక్కడి దురదృష్టం కాదు. దీనికి లార్స్ అనే పేరుంది. 2012లో డెన్మార్క్‌కి చెందిన ఎమర్ట్‌సెన్, లౌర్‌బర్గ్ దీన్ని కొలవడానికి ఐదు ప్రశ్నల చిన్న పట్టిక తయారుచేశారు. గ్యాస్ ఆపుకోలేకపోవడం, పల్చని మలం జారిపోవడం, రోజుకి ఎన్నిసార్లు, వెళ్లిన గంటలోపే మళ్లీ వెళ్లాల్సి రావడం, వస్తే ఉరకాల్సి రావడం. మొత్తం 42 మార్కులు. 30 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ వస్తే తీవ్రమైనది. మలాశయం తీసి కింద కలిపినవాళ్లలో సుమారు 40 శాతం మంది ఆ తీవ్రమైన కోవలోకే వస్తారు. కుట్టు ఎంత కిందికి ఉంటే, ముందు రేడియేషన్ ఎంత పడుంటే ఇబ్బంది అంత ఎక్కువ. మొదటి ఏడాది, ఏడాదిన్నరలో కొంత మెరుగవుతుంది. ఆ తర్వాత మిగిలింది చాలావరకు అలాగే ఉండిపోతుంది.

అందుకే మంచి జీవితం ఎవరిది, సంచి ఉన్నవాళ్లదా లేనివాళ్లదా అన్న ప్రశ్నకు జవాబు మనం అనుకున్నంత సూటిగా లేదు. ప్రపంచవ్యాప్తంగా జరిగిన అధ్యయనాలను జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ ఈ ప్రశ్నను 2005లోనూ, 2012లోనూ పరిశీలించింది. శాశ్వత సంచి లేనివాళ్ల జీవన నాణ్యతే మెరుగని గట్టిగా చెప్పడానికి ఆధారం దొరకలేదు. అలాగని సంచి మంచిదని కాదు. డెబ్బై ఐదేళ్ల మనిషికి, మలద్వార కండరాలు ముందే బలహీనంగా ఉన్నప్పుడు, ఎలాగైనా సంచి తప్పించాలన్న పట్టుదల ఆయనకు మేలు చేస్తుందా అని ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. లార్స్ ఉన్నవాళ్లకు దారులున్నాయి. లోపెరమైడ్, పీచు పొడి, కటి కండరాల వ్యాయామం, రోజూ కింది నుంచి నీటితో పేగు శుభ్రం చేసుకునే పరికరం, కొందరికి నడుము కింది నరానికి చిన్న విద్యుత్ ప్రేరణ. ఏదీ పనిచేయకపోతే మళ్లీ సంచి. ఆ దశలో సంచి పెట్టించుకుని, ముందే చేయించుకోవాల్సింది అని ఊపిరి పీల్చుకున్నవాళ్లున్నారు.

సంచితో

1954లో డెన్మార్క్‌లో ఎలిజ్ సోరెన్‌సెన్ అనే నర్సు, ఆపరేషన్ అయిన చెల్లెలు థోరా లీకేజీ భయంతో నలుగురిలోకి రావడం మానేస్తే చూడలేక, ఒంటికి అంటుకునే ప్లాస్టిక్ సంచిని ఊహించింది. ఇప్పుడు మన మందుల షాపుల్లో దొరికేవన్నీ ఆ ఊహకి వారసులే.

స్టోమా అంటే పొట్ట మీద పైకి తెచ్చి కుట్టిన పేగు నోరు. పెదవి లోపలి పొరలా ఎర్రగా, తడిగా ఉంటుంది. ముట్టుకుంటే నొప్పి తెలియదు. చూడగానే చాలామంది భార్యలు, భర్తలు ముఖం తిప్పేసుకుంటారు, మూడోసారికి అలవాటు పడతారు. మార్చేటప్పుడు పాత పట్టీని ఒక చేత్తో చర్మాన్ని అదిమి, రెండో చేత్తో మెల్లగా ఊడదీయాలి. గోరువెచ్చని నీళ్లతో తుడిచి, చర్మం పూర్తిగా ఆరేదాకా ఆగాలి. డెట్టాల్, స్పిరిట్ వద్దు. స్టోమా కొలత తీసుకుని, దానికన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువ ఉండేలా పట్టీకి రంధ్రం కత్తిరించాలి. పెద్దగా కత్తిరిస్తే మలం తగిలి చర్మం పుండు పడుతుంది. మన దగ్గర స్టోమా బాధల్లో ఎక్కువ భాగం ఆ కత్తెర దగ్గర నేర్పేవాళ్లు లేక వచ్చేవే.

స్టోమా ఎక్కడ పెట్టాలన్నది ఆపరేషన్‌కి ముందే, మనిషిని నిలబెట్టి, కూర్చోబెట్టి, వంగమని చూసి పెన్నుతో గుర్తుపెట్టాలి. చీర కుచ్చిళ్లు దోపే చోట, పంచె ముడి వచ్చే చోట, బెల్టు కింద పడితే ఆ మనిషి రోజూ దానితో పోట్లాడాల్సిందే. ఐదు నిమిషాల పని. దీన్ని ఏ ఆసుపత్రైనా వదిలేస్తే నేను దాన్ని నిర్లక్ష్యమే అంటాను.

పెద్దపేగు స్టోమా అయితే మలం గట్టిగానే వస్తుంది. ఎడమవైపు స్టోమా ఉన్న కొందరు రోజు విడిచి రోజు నీళ్లు ఎక్కించి ఒకేసారి ఖాళీ చేసుకుని, మిగతా సమయమంతా నిశ్చింతగా తిరుగుతారు. చిన్నపేగు స్టోమా అయితే వచ్చేది నీళ్లే, దాంతో పాటు ఉప్పూ పోతుంది. మన మే నెల ఎండల్లో ఇది ప్రమాదం. ఉత్త నీళ్లు గ్లాసులకొద్దీ తాగితే సంచి ఇంకా నిండుతుంది గానీ దాహం తీరదు. ఓఆర్‌ఎస్ తాగాలి, గంజిలో, మజ్జిగలో ఉప్పు వేసుకోవాలి. కొబ్బరి, పనసతొనలు, ములక్కాడ పిప్పి లాంటివి అడ్డుపడతాయి కాబట్టి మొదట్లో దూరం పెట్టి, తర్వాత బాగా నమిలి చూసుకోవాలి. ఆవకాయ మానేయాలా అని అందరూ అడుగుతారు. మానక్కర్లేదు, పుండు మానాక కొద్దికొద్దిగా మొదలుపెట్టొచ్చు.

సంచులు నెలనెలా కొనాల్సిన ఖర్చు. ఆపరేషన్‌కి ప్రభుత్వ పథకం డబ్బు వచ్చిన కుటుంబం కూడా దీన్ని జేబు నుంచే పెట్టుకుంటుంది, భారమై ఉతికి మళ్లీ మళ్లీ వాడుతుంది. ఆపరేషన్‌కి డబ్బిచ్చే పథకం సంచికీ ఇవ్వాలి. స్టోమా ఉన్నవాళ్లకు రైలు సీజన్ టికెట్లపై రాయితీ ఉంది, చికిత్సకూ, చెకప్‌కూ వెళ్లే క్యాన్సర్ రోగులకు ప్రయాణ రాయితీ ఉంది. డిశ్చార్జి రోజున ఆ కాగితాలు రాసి చేతిలో పెడితే బాగుంటుంది.

చిన్న రంధ్రం, పెద్ద ప్రకటన

చిన్న రంధ్రాల గుండా చేసే కీహోల్ ఆపరేషన్ చేయించాలా, రోబోతో చేయించాలా అని ఇప్పుడు కుటుంబాలు తెగ ఆరాటపడుతున్నాయి. కీహోల్‌తో నొప్పి తక్కువ, ఇంటికి త్వరగా వెళ్లొచ్చు, క్యాన్సర్ నయం కావడంలో తేడా లేదు. ఇది 2004లో వెలువడిన అమెరికా అధ్యయనంలోనే తేలింది. అయితే అదే అధ్యయనంలో జీవన నాణ్యతను కొలిస్తే రెండో వారంలో చిన్న తేడా తప్ప, రెండు నెలలకి అదీ లేదు. మలాశయ ఆపరేషన్లలో రోబోను, కీహోల్‌ను పోల్చిన రోలార్ అధ్యయనం 2017లో వచ్చింది. మూత్ర, లైంగిక సమస్యల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. లోపల ఎంత పేగు తీశారు, నరాలను ఎంత జాగ్రత్తగా తప్పించారు అన్నదే పదేళ్ల తర్వాత మిగిలేది. పైనున్న మచ్చ పొడవు కోసం భూమి తాకట్టు పెట్టొద్దు.

ఎవరికీ చెప్పనివి

మలాశయం చుట్టూ ఉన్న నరాలు దెబ్బతింటే మగవారికి అంగస్తంభన తగ్గుతుంది, వీర్యం బయటికి రాకపోవచ్చు. రేడియేషన్ తీసుకున్న స్త్రీలకు యోని పొడిబారి కలయిక నొప్పిగా ఉంటుంది, వయసు చిన్నదైతే నెలసరే ఆగిపోవచ్చు. పిల్లలు కావాలనుకునేవారు వీర్యం, అండాలు ముందే దాచుకోవచ్చని చికిత్సకు ముందు చెప్పాలి, తర్వాత చెప్పి లాభం లేదు. అంగస్తంభనకు మాత్రలున్నాయి, పొడిబారడానికి పూతలున్నాయి. పక్కన కొడుకో, కోడలో నిలబడి ఉండగా యాభై ఏళ్ల మనిషి ఈ మాట అడగలేడు. డాక్టరే ఒక్క నిమిషం వాళ్లను బయటికి పంపి అడగాలి.

క్యాన్సర్ అన్న మాటే ఇంట్లో ఇంకా గుసగుసగా నడుస్తోంది. 2013 అక్టోబరులో నటుడు అక్కినేని నాగేశ్వరరావు పెద్ద వయసులో విలేకరులను పిలిచి తనకు క్యాన్సర్ అని తానే చెప్పారు. తర్వాత ఇంట్లో మంచం మీదుండే 'మనం' సినిమాకి డబ్బింగ్ చెప్పారు. తెలుగునాట ఆ ప్రెస్‌మీట్ ఎంతమందికి ధైర్యమిచ్చిందో లెక్క లేదు గానీ, అలా పదిమంది ముందు చెప్పిన మనుషులు మనకు తక్కువ.

ఆపరేషన్ తర్వాతి కీమో కూడా ఒక గుర్తు వదిలి వెళ్తుంది. ఆక్సాలిప్లాటిన్ తీసుకున్నవాళ్లకు వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి. ఫ్రిజ్ తలుపు తాకితే షాక్ కొట్టినట్టుంటుంది, చొక్కా గుండీ దొరకదు, కాలికి చెప్పు ఉందో లేదో తెలియదు. కొందరికి ఏళ్లపాటు ఉంటుంది. పన్నెండు వేల మందికి పైగా రోగుల సమాచారంతో 2018లో వచ్చిన ఐడియా అధ్యయనం, మూడో దశలో రిస్కు తక్కువున్నవారికి ఆరు నెలల బదులు మూడు నెలలు చాలని చూపింది. ఆక్సాలిప్లాటిన్ కలిసిన ఫోల్‌ఫాక్స్ అనే కీమో తీసుకున్నవాళ్లలో చెప్పుకోదగ్గ నరాల దెబ్బ ఆరు నెలలకు 48 శాతం మందికి దగ్గరగా ఉంటే, మూడు నెలలకు 17 శాతానికి తగ్గింది. మీ దశ, మీ రిస్కు ఏమిటో డాక్టర్‌ని అడగడానికి ఈ ఒక్క అంకె చాలు.

2025లో వచ్చిన ఛాలెంజ్ అధ్యయనం నాకు మరీ సంతోషం కలిగించింది. ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మందిలో సగం మందికి మూడేళ్లపాటు శిక్షకుల సాయంతో వ్యాయామం చేయించారు. చాలామందికి అది వారంలో మూడు నాలుగుసార్లు ముప్పావు గంట, గంట వేగంగా నడవడంతో సమానం. ఐదేళ్లకు క్యాన్సర్ లేకుండా బతికి ఉన్నవాళ్లు వాళ్లలో 80 శాతం, మిగతా సగంలో 74 శాతం. ఒంటి సత్తువా మెరుగైంది. లార్స్ ఉన్నవాళ్లు, సంచి ఉన్నవాళ్లు నడకకు జంకుతారు. మరుగుదొడ్డి ఉన్న పార్కు చూసుకుని, ఉదయం పేగు కుదుటపడ్డాక వెళ్లొచ్చు.

చెకప్‌లు ఐదేళ్లు నడుస్తాయి. మొదట్లో మూడు నాలుగు నెలలకోసారి సీఈఏ రక్తపరీక్ష, మధ్యలో స్కానింగ్, ఏడాది నిండాక ఒక కొలనోస్కోపీ. డాక్టర్ రిపోర్టు చూసి "బాగుంది" అంటాడు, మనం "బాగున్నానండీ" అని వచ్చేస్తాం. ఈసారి వెళ్లే ముందు ఒక వారం పాటు కాగితం మీద రాసుకోండి. రోజుకి ఎన్నిసార్లు వెళ్లారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఏం తిన్నాక ఉరకాల్సి వచ్చింది, బట్టలు ఎన్నిసార్లు మార్చారు, ఏ శుభకార్యానికి ఎందుకు వెళ్లలేదు. ఆ కాగితాన్ని సీఈఏ రిపోర్టు పైన పెట్టి ఇవ్వండి.